ఎత్తు నీదా, గాజులదా

తాడేపల్లిగూడెం
12-6-2024

చెల్లెలు రత్నాంబకి అన్న భాస్కరరావు దీవించి, ఎవరిచేతా రాయించకుండా సొంత చేత్తో రాస్తున్నది.

అక్షరాలు చూసి నవ్వకు. మూడో తరగతి చదువుకి ఇంతకంటే రావు. ఉల్లి బస్తాల మీద మార్కులు వేసి వేసి చెయ్యి కూడా అలాగే అయిపోయింది. ఫోనులో నాకు సగం మాట వినపడదు. మిగతా సగం కోసం నేను అరిస్తే బజారంతా వింటుంది. అందుకని కాయితం.

విషయం నీ మనవరాలు ఇందుజ గురించి. మూడేళ్ళ నించి మా ఇంట్లో ఉండి ఇక్కడి కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతోంది కదా. ఇంకా ఏడాది ఉంది. అన్నం పెట్టడం నాకేం బరువు కాదు, ఆ మాట రానివ్వకు. కానీ పిల్ల చదవట్లేదు. సెలవులిచ్చినా కలిదిండి రాకుండా ఇక్కడ కూర్చున్నది చదువుకోడానికి అనుకుంటున్నారేమో మీరు. జపాను బొమ్మలు చూడ్డానికి. ఫోను కంచానికి ఆనించి పెడుతుంది. ఆ బొమ్మల్లో మనుషులకి జుట్టు నీలం, ఆకుపచ్చ. కళ్ళు గుంట గరిటెలంత ఉంటాయి. ముక్కు మాత్రం చుక్క. నిన్న కోడలు లక్ష్మీప్రసన్న పప్పులో ఉప్పు సరిపోయిందా అని మూడుసార్లు అడిగితే, నాలుగోసారికి తలెత్తి "గెలిచేశారు" అంది.

ఏంటమ్మా ఇది అని నేనే అడిగాను. "ఇద్దరు అక్కాతమ్ముళ్ళు తాతయ్యా. ఆటల్లో వాళ్ళని కొట్టేవాళ్ళు లేరు, ఈ లోకంలో మాత్రం దేనికీ పనికిరారు. ఓ రోజు వాళ్ళని ఇంకో లోకంలోకి లాగేసుకుంటారు" అంది. పనికిరాకపోతే కొట్లో కూర్చోబెట్టాలి గానీ ఇంకో లోకానికి పంపడమేంటి అన్నాను. నవ్వి మళ్ళీ ఫోనులోకి పోయింది.

ఉన్నమాట రాస్తాను. ఈ పిల్లకి చదువు దండగ. ఎవరికో ఒకరికిచ్చి ముడి వేసేస్తే అందరికీ బెంగ తీరుతుంది. నాకు నాన్చడం రాదు, నీకు తెలుసు.

కర్నూలు సరుకు తడిసి వచ్చింది. కొట్టంతా ఒకటే కంపు. నీ కంట్లో పొర అన్నావు, ఏం చేశావు?

మీ అన్న
భాస్కరరావు


కలిదిండి
23-6-2024

అన్నయ్యకి నమస్కారం.

గీతలు ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు చేతిది కాదు, కంటిది. పదో తారీఖున ఏలూరులో ఆపరేషన్ అయింది. నెల రోజులు చదవొద్దు, రాయొద్దు అన్నారు. అయినా ఒక కన్ను మూసుకుని రాస్తున్నాను. ఈ ఉత్తరం ఇంకొకరి చేత రాయించేది కాదు.

మీ ఉత్తరం వచ్చిన రోజు నా కళ్ళలో చుక్కలు వేసి ఉన్నాయి. ఉత్తరం వస్తే హాల్లో అందరినీ కూర్చోబెట్టి పైకి చదవడం మీ బావగారు ఉన్నప్పటి నించీ మా ఇంట్లో అలవాటు. కూతురి సంగతి కదా అని జయకృష్ణే చదివాడు. పప్పులో ఉప్పు దగ్గర కోడలు శ్యామల కూడా నవ్వింది. "ఈ పిల్లకి చదువు దండగ" దగ్గరికి వచ్చేసరికి మావాడు ఆగి, ఆ ముక్క రెండోసారి చదివాడు. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకివ్వలేదు.

మీకు తెలియదు కదా, చెబుతాను. చేపల చెరువుల్లో మావాడితో పొత్తు ఉన్నవాళ్ళు వాళ్ళబ్బాయి సాయిచరణ్‌కి ఇందుజని అడుగుతున్నారు. అబ్బాయి చెడ్డవాడని నేను అనను. కానీ పెళ్ళయ్యాక కాలేజీ మాట ఎత్తకూడదని వాళ్ళు ముందే చెప్పేశారు. ఏడాదిగా నేను ఒక్కదాన్నే అడ్డం పడుతున్నాను, దాని చదువు పూర్తి కానివ్వరా అని. ఇప్పుడు జయకృష్ణ ఏమంటున్నాడో తెలుసా? "మూడేళ్ళు కళ్ళారా చూసిన మావయ్యే దండగ అన్నాడు. నువ్వు చూడకుండానే చదువు అంటావేంటమ్మా?" అంటున్నాడు. ఆషాఢం వెళ్ళగానే, శ్రావణంలో తాంబూలాలు పుచ్చుకుంటారట.

మీరు కోపంలో అన్నారా, నిజంగానే అన్నారా? కోపంలో అంటే జయకృష్ణ పేరున ఒక్క కార్డు ముక్క రాయండి. పిల్ల చదువుకుంటోంది, తొందరపడి రాశాను, అని. రెండు లైన్లు చాలు. వాడు పట్టుకున్నది మీ మాట. మీరు తీస్తే తప్ప ఊడదు.

రత్నాంబ


తాడేపల్లిగూడెం
3-7-2024

రత్నాంబా,

ముందు ఇది చెప్పు. నీ పేరు రాసి పంపిన కవరు వాడెందుకు చించాడు? అన్న చెల్లెలితో అన్నమాట పంచాయితీ ఆఫీసు నోటీసా, నిలబడి చదవడానికి? కన్ను బాగాలేకపోతే దిండు కింద పెట్టుకోవాలి. నెల పోయాక చదువుకోవాలి.

కార్డు రాయమన్నావు. రాయను. వాడికి చెవులు కుట్టినప్పుడు నా ఒళ్ళో కూర్చుని నా చొక్కా తడిపినవాడు. వాడికి నేను "తొందరపడ్డాను బాబూ" అని రాసుకోవాలా? మేనమామ అన్నాక ఓ మాట అంటాడు. ఎలా తీసుకోవాలో వాడికి తెలియాలి. నువ్వు తల్లివి, నువ్వు చెప్పు.

ఇంక పిల్ల సంగతి. అసలు ఆ బొమ్మల్లో ఏముందో చూపించమని పక్కన కూర్చున్నాను. మాటలన్నీ జపాను భాష. అది ఆపి ఆపి తెలుగులో చెప్పింది. ఆ అక్కాతమ్ముళ్ళు వెళ్ళిపడ్డ లోకంలో కత్తి లేదు, కర్ర లేదు. పొలం గట్టు తగువైనా, రాజుగారి కిరీటమైనా బల్ల మీద పావులు పెట్టి ఆడి తేల్చుకోవాల్సిందే. ఇద్దరు జంటగా ఆడతారు. ఇద్దరూ కలిసి పావు మీద చెయ్యి వెయ్యాలి. ఒకళ్ళు ఒప్పుకోకుండా రెండోవాళ్ళు కదిపితే ఆ పావు కర్పూరంలా కాలిపోతుంది. చెప్పకేం, నాలుగు భాగాలు చూశాను. కోడలు కాఫీ తెచ్చి, నన్ను చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళింది.

మన పులిమేకలాట గురించి చెబితే పిల్ల వదల్లేదు. కొట్లో కాటా పక్కన సుద్దతో పటం గీశాను. మూడు పులులు చింతగింజలు, పదిహేను మేకలు చిన్న ఉల్లిపాయలు. పులులు నావి. మొదటి రోజు ఓడింది. రెండో రోజు ఓడింది. మూడో రోజు నా మూడు పులుల్నీ కదలకుండా కట్టేసింది. పక్క కొట్టు వెంకట్రాజు చూస్తున్నాడు. "ఏవండీ భాస్కరరావు గారూ, పులులు నిద్దరోతున్నాయా?" అన్నాడు. ఈ బజార్లో నన్ను ఎవడూ ఓడించలేదు. కోపం రావాలి కదా. రాలేదు.

ఇంకోటి. అది ఉత్తినే చూడట్లేదంట. నలుగురు పిల్లలు కలిసి ఫోనులో ఆడే ఆట ఒకటి తయారుచేస్తున్నారు, కాలేజీలో అదే వాళ్ళ ఆఖరి ఏడాది ప్రాజెక్టు. ఇప్పుడు అందులో మన పులులు, మేకలు పెడుతుందంట. ఆట తయారుచెయ్యడం కూడా చదువేనని నాకెవరు చెప్పారు? తెలిస్తే అలా రాస్తానా?

పటం వైపు చూసేటప్పుడు దానికి అచ్చం నీ కన్నే.

పెళ్ళి గొడవ దానికి చెప్పలేదు. నా ఉత్తరం సంగతి కూడా చెప్పలేదు. ఆడుకుంటోంది, ఎందుకని.

మీ అన్న
భాస్కరరావు


కలిదిండి
14-7-2024

అన్నయ్యకి,

పిల్ల కన్ను నాదన్నారు. సంతోషం. చెయ్యి మీది కాకుండా ఉంటే చాలు.

ఇప్పుడు మీ ఉత్తరాలు గుమ్మంలోనే నేను అందుకుంటున్నాను. మీరు కార్డు రాయనన్నారని జయకృష్ణకి చెప్పలేదు. చెబితే "చూశావా, మావయ్య మాట మీదే ఉన్నాడు" అంటాడు. నేనేమో రోజుకో సాకు చెబుతున్నాను. నా దగ్గర సాకులు అయిపోయాయి.

యాభై మూడేళ్ళు నేను ఒక సంగతి అడగలేదు. అమ్మ పోయినప్పుడు అడగలేదు, నాన్న పోయినప్పుడు అడగలేదు. ఇప్పుడు మీ మూలంగా నా మనవరాలి చదువు ఆగిపోతోంది కాబట్టి అడుగుతున్నాను.

నాకు పద్ధెనిమిదేళ్ళు. ఎస్సెల్సీ ప్యాసయ్యాను. నాతో చదివిన క్యాథరిన్‌తో కలిసి ఏలూరులో టీచరు ట్రైనింగుకి వెళ్ళాలని దరఖాస్తు పెట్టాను. అప్పుడు కలిదిండి నించి మేనమామ వచ్చి కొడుక్కి నన్నడిగాడు. నాన్నకి ఇవ్వాలని లేదు. కానీ మేనమామ నోరు తెరిచి అడిగితే కాదనకూడదు, కాదంటే అమ్మకి పుట్టింటి గడప మూసుకుపోతుంది. అందుకని నాన్న ఉపాయం చేశాడు. "బావగారూ, మావాడితో ఓ పులిమేకలాట ఆడండి. మీరు గెలిస్తే ఈ వేసవిలోనే పెళ్ళి. వాడు గెలిస్తే పిల్ల రెండేళ్ళు చదువుకుంటుంది" అన్నాడు. కాదనడం మాట మీదకి రాకుండా ఆట మీదకి పోతుందని. మీరు ఓడిపోరని ఊరందరికీ తెలుసు.

ఎందుకు ఓడిపోరో మనిద్దరికే తెలుసు. తలుపు వెనక నేను నిలబడేదాన్ని. గాజులు తలుపుకి ఒకసారి తగిలిస్తే ఎడమ వైపు, రెండుసార్లు తగిలిస్తే కుడి వైపు, మూడు తగిలిస్తే "ఆగు, అది ముట్టుకోకు". పదేళ్ళ వయసు నించీ మీ పేరు మీద ఆడింది నేను.

ఆ రోజు మేకలు మనవి, రెండు పులులు కట్టేశాం. మూడోదానికి దారి మూసే మేక మీద మీరు చెయ్యి వేశారు. నేను మూడు కొట్టాను. మళ్ళీ మూడు కొట్టాను. ఒక గాజు చిట్లి చెయ్యి తెగింది. మీరు ఆ మేకనే జరిపారు.

వినలేదని మాత్రం రాయకండి. అత్తారింట్లో నేను ఎప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నా మా అత్తగారు ఒకటే అనేది. "నువ్వు కావాలని తప్పు ఎత్తు చెప్పి మరీ వచ్చావటగా, ఇప్పుడు ఏడుపెందుకే?" ఆ మాట ఆవిడ దాకా ఎలా వెళ్ళింది? గాజుల లెక్క మీకూ నాకూ తప్ప తెలియదే.

దానికి జవాబు రాసినా రాయకపోయినా, పిల్లకి మాత్రం మీ నోటితో మీరే చెప్పండి. జయకృష్ణ చెప్పేలోపు చెప్పండి.

రత్నాంబ


తాడేపల్లిగూడెం
22-7-2024

రత్నాంబా,

పెద్దవాణ్ణి నిలబెట్టి అడిగినట్టు అడిగావు. అంత ధైర్యం అప్పుడే ఉంటే తలుపు వెనక నించి బయటికి వచ్చి మీ మావగారి ముందు నాకు వద్దని చెప్పవలసింది. నేనొక్కణ్ణే దోషినా? నాన్న కాడా?

నువ్వు కొట్టింది రెండో మూడో ఎవడు లెక్కపెట్టాడు. అరుగు మీద ఇరవై మంది. ఎవడో దగ్గుతున్నాడు, ఎవడో చుట్ట విదుపుతున్నాడు. తప్పుగా కొట్టావేమో అనుకున్నాను. అనుకున్నదే అమ్మతో అన్నాను. "దానికే అక్కడికి వెళ్ళాలని ఉందేమో, తప్పు చెప్పింది" అన్నాను. అమ్మ సంబరపడి "పిల్లకి ఇష్టమేనంట" అని వాళ్ళ వదినతో, అదే మీ అత్తగారితో, చెప్పుకుంది. అంతే. ఇందులో నేను చేసిన ఘోరం ఏముంది? నీ మొగుడు నిన్ను కొట్టాడా, తిట్టాడా? కొడుకు లేడా, చెరువులు లేవా?

నీ ఉత్తరం వచ్చాక మనసు బాగోలేదు. ఆ పటం నాకు ఇప్పటికీ గుర్తే. ఏ మేక ఎక్కడుందో, ఏ పులి ఎక్కడుందో కళ్ళు మూసుకుని పెడతాను. కొట్లో పెట్టాను. ఎవరిదని చెప్పకుండా, "ఇక్కడ మేకలవాడు ఏం ఆడాలి?" అని ఇందుజని అడిగాను. అది చూసి ఓ మేక ముట్టుకుని, "ఇదొక్కటి కదపకుండా మిగతావి ఏది జరిపినా గెలుస్తాడు తాతయ్యా" అంది. నేను ఆ మేకనే జరిపి చూపించాను. "ఇలా ఎవరు ఆడతారు తాతయ్యా? చిన్నపిల్లలు కూడా ఆడరు" అంది.

ఎవరో ఆడారులే అన్నాను.

చెప్పమన్నావు కదా. రోజూ చెబుదామనే కూర్చుంటున్నాను. అది ఫోను తెచ్చి పక్కన కూర్చుని "ఇవాళ కిరీటం ఆట తాతయ్యా" అంటుంది. ఆ ముఖం చూసి ఎలా చెప్పను? నాకు మాట మెత్తగా రాదు. మెత్తగా చెప్పలేనివాడు చెప్పకపోవడమే మంచిది.

నీ కంటికి చుక్కలు మానకు.

భాస్కరరావు


తాడేపల్లిగూడెం
30-7-2024

రత్నాంబా,

ఆదివారం నీ కొడుకు కారేసుకుని వచ్చాడు. "మీ అమ్మకి ఒంట్లో బాగోలేదు, నాలుగు రోజులు వచ్చి చూసి వెళ్ళు" అని పిల్లతో అన్నాడు. అబద్ధమని నాకు తెలుసు. నేను కుర్చీలో ఉన్నాను. వాడు నా వైపు చూసి "ఏం మావయ్యా, అంతేనా?" అన్నాడు. వాడి చొక్కా జేబులో మడిచిన కాయితం ఉంది. నాదో కాదో తెలియదు. నాకు నాదే అనిపించింది.

పిల్ల ఒక జత బట్టలు సంచిలో పెట్టుకుంది. పుస్తకాలు ముట్టుకోలేదు. గుమ్మంలో ఆగి, "ఇంకా రెండు భాగాలున్నాయి తాతయ్యా, నువ్వొక్కడివే చూసెయ్యకు" అంది. అప్పుడైనా నోరు తెరవాలి. "వెళ్ళకమ్మా" అని రెండు మాటలు. రాలేదు రత్నాంబా. కారు మలుపు తిరిగేదాకా కూర్చునే ఉన్నాను.

నువ్వడిగినదానికి జవాబు ఇది. విన్నాను. మూడే కొట్టావు. రెండుసార్లు మూడు కొట్టావు. గాజు చిట్లిన చప్పుడు కూడా విన్నాను.

నేను మేక మీద చెయ్యి వెయ్యగానే నువ్వు మొదటిసారి కొట్టావు. చెయ్యి తీశాను. మీ మావగారు చుట్ట నోట్లోంచి తీసి నవ్వాడు. "ఏరా అల్లుడూ, ఎత్తు నీదా, గాజులదా?" అన్నాడు. అరుగంతా గొల్లుమంది. నాకు ఇరవైమూడేళ్ళు. ఒళ్ళంతా కాలిపోయింది. ఎత్తు నాదే అని చూపించాలి. నీ చదువు గుర్తు రాలేదు, నీ పెళ్ళి గుర్తు రాలేదు. నువ్వు మళ్ళీ కొడుతున్నావు, నేను ఆ మేకనే జరిపాను. ఓడిపోతానని నాకు జరుపుతుండగానే తెలుసు.

తరవాత నువ్వు తప్పు చెప్పావని అమ్మతో అన్నాను. ఒకసారి అన్నాక పదిసార్లు అనుకున్నాను. అనుకోగా అనుకోగా నిజమే అనిపించింది. ఈ ముసలితనంలో ఆ జపాను బొమ్మల్లో పావు కాలిపోవడం చూసేదాకా మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

ఇందులో జయకృష్ణకి కార్డు పెట్టాను. ఇందుజ చదువులో మంచి పిల్లని, నేను తెలియక కూశానని, తప్పు నాదని, పిల్లని వెంటనే పంపమని. నేను ఇంతవరకూ ఎవరికీ అలా రాయలేదు. వాడికి ఇయ్యి. నవ్వుకుంటే నవ్వుకోనీ.

భాస్కరరావు


ఏలూరు
21-8-2024

అన్నయ్యకి,

నేనూ ఇందుజా ఏలూరులో ఉన్నాం. క్యాథరిన్ గుర్తుందా? ట్రైనింగుకి వెళ్ళింది, టీచరైంది, రిటైరైంది. వాళ్ళ మేడ మీద గది ఇచ్చింది. జరిగింది రాస్తాను. సగం మీకు తెలిసిందే.

మీ కార్డు చేరేసరికి ఆలస్యమైంది. తాంబూలాల రోజు నిర్ణయమైపోయింది. ఇందుజ మాత్రం "నేను ఒప్పుకోను, తాతయ్యకి ఫోన్ చేస్తాను, తాతయ్య వచ్చి మాట్లాడతాడు" అంటూనే ఉంది. మీరొస్తారని వీధి వైపు చూసేది. అప్పుడు కార్డు వచ్చింది. నేను జయకృష్ణ చేతికిచ్చాను. వాడు చదివి, జేబులోంచి మీ మొదటి ఉత్తరం తీసి, రెండూ పిల్ల ముందు పెట్టాడు. "మీ తాతయ్య రాసినవే రెండూ. ఏది నమ్మమంటావో నువ్వే చెప్పు" అన్నాడు.

అది రెండూ చదివింది. తారీఖులు చూసింది. జూన్ పన్నెండు, జూలై ముప్పై. వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. "ఇన్ని రోజులూ తాతయ్యకి ఇదంతా తెలుసా నానమ్మా?" అని నన్నడిగింది. తెలుసు అన్నాను. నేను అబద్ధం చెప్పలేదు. "పక్కన కూర్చుని ఆట ఆడాడు" అంది. అంతే. తరవాత వాళ్ళ నాన్నతో "మీ ఇష్టం" అంది.

ఆ మాట విని జయకృష్ణ సంతోషించాడు. నాకు నా పెళ్ళినాటి ఆట గుర్తొచ్చింది. ఆ రోజు ఆట అయ్యాక నాన్న తలుపు దగ్గరికి వచ్చి "ఏమ్మా?" అంటే నేనన్నదీ అదే. ఆ రెండు ముక్కల్లో ఏముంటుందో నాకు తెలుసు.

మర్నాడు ఏలూరులో కంటికి చెకప్ ఉందన్నాను. తోడు కావాలి, పిల్లని పంపమన్నాను. కైకలూరు మీదుగా బస్సెక్కాం. దిగి కంటి ఆసుపత్రి వైపు కాకుండా క్యాథరిన్ ఇంటికి వచ్చాం. జయకృష్ణ వచ్చి వీధిలో నిలబడి నానా మాటలూ అన్నాడు. తాంబూలాల రోజు దాటిపోయింది. వాళ్ళు ఇంకో సంబంధం చూసుకుంటున్నారు. నా కొడుకు నన్ను ఇంటికి రావద్దన్నాడు. డెబ్బై ఒకటో ఏట ఇదీ అయింది.

ఇందుజ కాలేజీకి ఇక్కడి నించి రోజూ రైల్లో వెళ్ళి వస్తోంది. మీ ఇంటికి వెళ్ళి ఉండమన్నాను, దగ్గర కదా అని. వెళ్ళనంది. పుస్తకాలు లక్ష్మీప్రసన్న చేత కాలేజీకి పంపించండి.

మీరు నిజం రాశారు. చదివాను. రెండోసారి చదవలేదు. క్షమించానని రాస్తే మీకు బాగుంటుంది, నాకు బాగుండదు. అందుకని రాయడం లేదు.

రత్నాంబ


తాడేపల్లిగూడెం
12-9-2024

రత్నాంబా,

పుస్తకాలు పంపాను. చేరే ఉంటాయి.

క్షమించమని నేనూ అడగలేదు. అడగను. అడిగి ఇప్పించుకునేది కాదు.

నిన్న ఉదయం స్టేషనుకి వెళ్ళాను. వాన. కొల్లేరు పొంగి కైకలూరు రోడ్డు మునిగిందని, రైళ్ళు ఆలస్యమని అందరూ అనుకుంటున్నారు. గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను. వెంకట్రాజు "ఎవరికోసమండీ?" అని అడిగితే సరుకు కోసం అన్నాను. ఉల్లి రైల్లో రాదని వాడికీ తెలుసు.

ఏలూరు బండి వచ్చింది. పిల్ల దిగింది. చిక్కింది. నీలం గొడుగు, భుజాన సంచి, పక్కన ఇద్దరు స్నేహితురాళ్ళు. ముగ్గురూ ఏదో ఫోనులో చూపించుకుని నవ్వుకుంటున్నారు. ప్రాజెక్టేమో. నేను లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో రాత్రంతా కూడదీసుకున్నాను. రెండే మాటలు. మెత్తగానే వస్తాయనుకున్నాను.

నన్ను చూసింది. నవ్వు ఆగింది. తప్పుకుని పోలేదు, అదైనా చేస్తే నాకు కోపం వచ్చి బతికిపోయేవాణ్ణి. దగ్గరికి వచ్చి గొడుగు కొంచెం పక్కకి వంచింది.

"బాగున్నారా అండీ?" అంది.

తాతయ్యా అనలేదు. కాలేజీలో గుమాస్తాని పలకరించినట్టు, బస్సులో పెద్దాయనకి సీటిచ్చినట్టు. మర్యాదలో ఒక్క లోటు లేదు.

బాగానే ఉన్నానమ్మా అన్నాను. "క్లాసుకి టైమైందండీ" అని వెళ్ళిపోయింది. పక్కపిల్ల ఎవరే ఆయన అని అడుగుతోంది. ఇదేం చెప్పిందో బండి కూతలో నాకు వినపడలేదు.

దాని చదువు ఆగలేదు. అదే కావాలి, అది చాలు, అని రాసి ఈ ఉత్తరం ముగిద్దామని కూర్చున్నాను. కాయితం సగం ఖాళీగానే ఉంది. ఆ ముక్క రాయలేకపోతున్నాను.

భాస్కరరావు